ఒక స్తంభం పుచ్చితే ఇల్లంతా పుచ్చినట్టా?



ఈసారి కూడా పెద్దదే రాస్తున్నాం. తీరిక చేసుకుని చదవండి. మేమిద్దరం కలిసి రాసేది కాబట్టి ఎప్పటిలాగే "మేము" అనే ఉంటుంది. ఒకరు చెబుతుంటే ఇంకొకరు ఫోన్లో టైపు చేస్తారు, మధ్యలో పోట్లాడుకుంటాం, ఎవరి మాట మిగిలిందో మీరే కనిపెట్టండి. మాలో ఒకరిది రైల్వే గుమాస్తా ఉద్యోగం, ఇంకొకరిది ఆ గుమాస్తాను భరించే ఉద్యోగం. మొదటిదానికే రిటైర్మెంట్ వచ్చింది. ఇద్దరం తమిళ మీడియంలో చదివినవాళ్లం. మాట్లాడే తెలుగు ఇంట్లోనే వచ్చింది. రాయడం మాత్రం ఉద్యోగంలో చేరాక స్టేషన్ బోర్డులు, చందమామలు చూసి నేర్చుకున్నాం. ల ఉండాల్సిన చోట ళ పడితే సర్దుకోండి.

విషయం మన సంఘం ఇల్లు. దాన్ని పడగొట్టి ఆర్‌సీసీ ఫంక్షన్ హాలు కట్టాలా వద్దా అని వచ్చే ఆదివారం చేతులెత్తాలి. పోయిన నెల కాగితం తిప్పినప్పుడు "పడగొట్టాలి" అన్న వాళ్ల జాబితాలో మా సంతకాలు రెండూ మొదట్లోనే ఉన్నాయి. వాటిని వెనక్కి తీసుకుంటున్నాం. ఎందుకో చెప్పకుండా తీసుకోవడం మర్యాద కాదు.

కొత్త సభ్యుల కోసం ఇల్లు ఎలాంటిదో ముందు చెబుతాం. ఉగాది పచ్చడి రోజు తప్ప మనలో చాలామంది అటు వెళ్లడం లేదు కదా. పాత ఊళ్లో, చౌబారా నుంచి పది నిమిషాల నడక. వీధిలోంచి చూస్తే ఏమీ లేదు, మన బీదర్ ఎర్రరాతి గోడ, ఒక తలుపు, అంతే. గడప దాటితే నడుమ ఆకాశం కనబడే తొట్టి. దాని చుట్టూ 12 కొయ్య స్తంభాలు, స్తంభాల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద పలకలు, పైన మట్టి మిద్దె. ద్వారబంధం మీద ఉర్దూ అంకెల్లో 1331 అని చెక్కి ఉంది. అది హిజ్రీ అనుకుని ఇల్లు 1913 నాటిదని చాలాకాలం చెప్పుకున్నాం. దస్తావేజు తీసి ఉర్దూ వచ్చిన మన పెద్దాయన చేత చదివిస్తే ఫసలీ అని తేలింది. నిజాం సర్కారు లెక్కలన్నీ ఫసలీలోనే కదా. 590 కలపండి, 1921-22 వస్తుంది. అప్పటికి బీదర్‌కి రైలు లేదు. వికారాబాద్ నుంచి లైను వచ్చింది 1930 ప్రాంతంలో. అంటే ఆ దూలాలన్నీ ఎడ్లబండ్ల మీద వచ్చాయి. మాలో ఒకరు సిర్పూర్ కాగజ్‌నగర్ గూడ్స్ షెడ్డులో కొన్నేళ్లు పనిచేశారు. ఒక పెద్ద టేకు దుంగను వ్యాగన్‌లోకి ఎక్కించడానికి హమాలీలు ఎంత చెమట కార్చేవాళ్లో చూసిన కళ్లకి, బండి మీద వచ్చిన దూలం అంటే తేలిగ్గా పోయే సంగతి కాదు.

కట్టించినవాళ్లు జహీరాబాద్ వైపు వ్యాపారులు. అప్పట్లో జహీరాబాద్ బీదర్ జిల్లాలోనే ఉండేది. 1956లో రాష్ట్రాలను విడదీసినప్పుడు జహీరాబాద్, నారాయణఖేడ్ ఆంధ్రప్రదేశ్ వైపు వెళ్లాయి, బీదర్ మైసూరు రాష్ట్రంలో కలిసింది. మన సంఘం పుట్టుకకి కారణం సగం అదే. మా సొంత ఊరి కథ దీనికి తిరగేసిన చొక్కా లాంటిది. తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1న ఆంధ్ర నుంచి మద్రాసుకు వెళ్లింది. మేము ఆంధ్రలో పుట్టి, ఇల్లు మారకుండానే మద్రాసు రాష్ట్రంలో బడికి వెళ్లాం. ఇంట్లో తెలుగు, పలక మీద అరవం.

సరే, అసలు సంగతి. ఎస్టిమేట్ వేయడానికి వచ్చిన కాంట్రాక్టరు దక్షిణం వైపు మూడో స్తంభం మొదట్లో స్క్రూడ్రైవర్ గుచ్చాడు. మాగిన పనసపండులో దిగినట్టు దిగింది. గోధుమరంగు పొడి రాలింది. "ఇల్లు పోయిందండీ, ఇది ఇంక నిలబడదు" అన్నాడు. అక్కడున్న ఏడెనిమిది మందిమీ నోరెత్తలేదు. ఆ సాయంత్రమే కాగితం తిరిగింది, సంతకాలు పడ్డాయి.

రెండు రోజుల తర్వాత మళ్లీ వెళ్లాం, మేమిద్దరమే, టార్చి, చిన్న సుత్తి పట్టుకుని. పాతకాలంలో బండి ప్లాట్‌ఫారం మీద ఆగగానే ఒకాయన పొడుగు పిడి సుత్తితో చక్రాలను టంగు టంగుమని కొట్టుకుంటూ పోయేవాడు, మీలో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. చక్రం బాగుంటే గంటలా మోగుతుంది, పగులుంటే బొంగురు పోతుంది. అదే పని మేము స్తంభాలకు చేశాం. కింద ఒక దెబ్బ, మోకాలెత్తున ఒకటి, నడుమెత్తున ఒకటి. 11 స్తంభాలు కణకణమన్నాయి. పన్నెండోది, ఆ మూడోదే, నేల నుంచి సుమారు ఒకటిన్నర అడుగు వరకూ తడిసిన డోలులా పలికింది. ఆ పైన అదీ కణకణే.

ఒకటిన్నర అడుగు కట్టె పుచ్చింది. దానికి ఇల్లు పోయిందన్నాం.

ఎందుకు పుచ్చిందో చూద్దామని అక్కడి టైలు ఒకటి లేపాం. (కార్యదర్శిగారూ, టైలు డబ్బు మేమే ఇస్తాం.) టైలు కింద సిమెంటు, సిమెంటు కింద స్తంభం తాలూకు రాతి దిమ్మె! ఇన్నాళ్లూ అది ఉన్నట్టే మాకు తెలియదు. అసలు నేల అర అడుగు కిందికి ఉండేదన్నమాట. దిమ్మె నేలకి పైన ఉండి, కొయ్యకి తడి తగలకుండా చూసేది. మనం 2006లో "నేల ఎగుడుదిగుడుగా ఉంది, కుర్చీలు ఊగుతున్నాయి" అని సిమెంటు పోసి టైల్స్ వేయించాం. దిమ్మె పూడిపోయి కొయ్య మొదలు సిమెంటులో కూరుకుపోయింది. ఈ మూలన మిద్దె నీళ్ల గొట్టం పగిలి ఉంది, వానాకాలం అంతా అక్కడే కారుతుంది. సిమెంటు ఆ తడిని ఆరనివ్వదు. తడి ఉన్న చోటికి చెదలు రావడానికి పత్రిక పంపాలా? 85 ఏళ్లు నిలబడిన కట్టెను మనం సుమారు 20 ఏళ్లలో పుచ్చబెట్టాం. ఆ టైల్స్ బిల్లు మీద కోశాధికారి సంతకం మాలో ఒకరిదే. అందుకని ఎవరినీ అనడం లేదు.

ఇప్పుడు మా తాతగారి ఇంటి సంగతి చెప్పాలి. మాది మేనరికం. ఒకరికి అది తాతగారిల్లు, ఒకరికి అమ్మమ్మగారిల్లు, ఇల్లు మాత్రం ఒకటే. పళ్లిపట్టు దగ్గర పల్లెటూరు. నడుమ ముత్తం, చుట్టూ స్తంభాలు, ముందు తిన్నె. మాకు ఏడెనిమిదేళ్లప్పుడు వంటింటి పక్క స్తంభం మొదలు పుచ్చింది. గంజినీళ్లు అక్కడే పారబోసేవాళ్లు, అదే కారణం. తాతగారు ఆచారిని పిలిపించారు. పొద్దున వచ్చి దూలం కింద రెండు ఊతగుంజలు పెట్టి, వాటి కింద చెక్క ఆప్పులు దిగగొట్టాడు. దూలం వెంట్రుకవాసి లేచింది. స్తంభం వదులైంది. చంటిబిడ్డను ఉయ్యాల్లోంచి తీసినట్టు దాన్ని పక్కకు తీశాడు. పుచ్చిన మొదలు కోసేసి, మిగిలిన దాని అడుగున, కొత్త ముక్క పైన ఒకదానిలో ఒకటి ఇమిడేలా మెట్టు చెక్కి, జోడించి, అడ్డంగా కొయ్య చీలలు కొట్టాడు. తాతగారు "మేకులు తెప్పించేదా ఆచారీ?" అంటే, "వద్దయ్యా, ఇనుము తుప్పుపట్టి కట్టెను తింటాది. కట్టెకు కట్టే తోడు" అన్నాడు. సాయంత్రానికి స్తంభం మళ్లీ నిలబడింది. ఆ రోజు కూడా అమ్మమ్మ వంట ఆ ఇంట్లోనే చేసింది, మేము అక్కడే తిన్నాం. చెప్పాల్సింది ఇదే: ఇంటి కాలు మారుస్తుంటే ఇంట్లో అన్నం ఉడికింది.

మేము ఈ సంగతి పూర్తిగా మర్చిపోయి సంతకం పెట్టాం చూడండి!

అలాంటి ఇంట్లో బరువు మోసేది గోడ కాదు. బరువంతా స్తంభం మీద. స్తంభం తలమీద రెండు పక్కలా చేతులు చాచినట్టు ఒక చెక్క ఉంటుంది. దూలం దాని మీద కూర్చుంటుంది. దూలం పొడుగులో కొంత ఆ చేతులే మోస్తాయి కాబట్టి దూలం నడుమ వంగదు. దాన్ని మా ఇంట్లో బోదె అనేవాళ్లు, బడిలో పోదిగై అన్నారు, ఇక్కడికొచ్చాక మన పక్కింటి కన్నడ వడ్రంగి బోదిగె అన్నాడు. ముగ్గురూ ఒకే చెక్కను చూపించారు. రెండు దూలాల నడిమి జాగా అంకణం. మా చిత్తూరు వైపు ఇప్పటికీ స్థలం కొలత అంకణాల్లోనే, 6 అడుగులకి 6 అడుగులు, 36 చదరపు అడుగులు. ఇల్లు లేని ఖాళీ స్థలాన్ని కూడా దూలాల లెక్కలో కొలుస్తున్నామన్నమాట. కన్నడంలోనూ అంకణమే. మరాఠీలో ఖణ్ అంటారు.

ఖణ్ అనగానే మీలో కొందరికి కిల్లారి గుర్తొస్తుంది. "పాత ఇళ్లే కదా మనుషుల్ని చంపింది" అని పోయిన సమావేశంలో ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్న. 1993 సెప్టెంబర్ 30, వినాయక నిమజ్జనం అయిన తెల్లవారుజాము, 3 గంటల 56 నిమిషాలు. మేము అప్పుడు ఈ పాత ఊళ్లోనే, ఇలాంటి కొయ్య స్తంభాల ఇంట్లోనే అద్దెకున్నాం. ఇల్లంతా పడవలో దూలాల్లా కిర్రుమంది. మిద్దె మట్టి మొహాల మీద రాలింది. పిల్లను ఎత్తుకుని వీధిలోకి పరుగెత్తాం. తెల్లారాక రేడియోలో విన్నాం, మన పక్క జిల్లా లాతూరులో ఊళ్లకు ఊళ్లు పోయాయని. దాదాపు 8,000 మంది చనిపోయారు.

తర్వాత ఇంజనీర్లు వచ్చి చూసి రాసిన సంగతులు మాలో ఒకరు చదివారు. చంపింది ముఖ్యంగా గోడ, మిద్దె మీది మట్టి. గోడలు బయటి వరస ఒకటి, లోపలి వరస ఒకటి, నడుమ మట్టి, గుండ్రాళ్లు. రెండు వరసల్నీ కలిపి పట్టే అడ్డరాళ్లు లేవు. కుదుపుకి గోడ రెండుగా చీలి కూలింది. మిద్దె మీద ఏటేటా కారినప్పుడల్లా ఇంకో వరస మట్టి పోసి, అడుగున్నర, రెండడుగుల మందం చేశారు. ఇళ్లు పోయిన చోట కూడా చాలాచోట్ల గోడలు రాలిపోయి కొయ్య చట్రం, దాని మీది మిద్దె అలాగే నిలబడి ఉన్నాయి. కాబట్టి కొయ్య ఇల్లు అంటే భద్రం అని మేము అనడం లేదు. మన మిద్దె మీద ఎంత మట్టి ఉందో ఎవరైనా కొలిచారా? మేము సువ్వ గుచ్చి చూశాం, ఒకచోట మూరెడు దిగింది. పడగొట్టినా పడగొట్టకపోయినా ఆ మట్టి వచ్చే వానలలోపు దించాలి. ఇది చేతులెత్తి నిర్ణయించే విషయం కూడా కాదు.

ఆర్‌సీసీ అంటే నూరేళ్ల నిశ్చింత అనుకునేవాళ్లకి ఒక్క మాట. మేము ఇంకో ఊళ్లో అద్దెకున్న ఒక స్లాబు ఇంట్లో, కట్టి పాతికేళ్లు కాలేదు, ఒక మధ్యాహ్నం గచ్చు పెచ్చు ఊడి పీట మీద పడింది. పీట మీద మనిషి అప్పుడే లేచింది. పైన చూస్తే తుప్పు పట్టిన ఊచలు ఉబ్బి ఉన్నాయి. తడి దూరితే కట్టె పుచ్చుతుంది, ఊచ తుప్పు పడుతుంది. తేడా ఏమిటంటే, పుచ్చిన కట్టెను చూడొచ్చు, కొట్టి వినొచ్చు, తీసి మార్చొచ్చు. స్లాబు లోపలి ఊచ రాలేదాకా చెప్పదు.

ఇక్కడివరకు లెక్కలు. ఇప్పుడు చెప్పేది లెక్క కాదు.

మా తాతగారి ఇల్లు 1998లో మేమే పడగొట్టించాం. తాతగారు పోయారు, వాటాదారులు ఆరుగురు, ఊళ్లో ఉండేవాళ్లు లేరు. స్థలం పంచుకోవాలంటే ఇల్లు అడ్డం. "మీరు గూడ్సులో పనిచేసినవాళ్లు, కట్టె లెక్క మీకు బాగా తెలుసు, దగ్గరుండి కొలిపించండి" అని మాకు అప్పగించారు. సెలవు పెట్టి వెళ్లాం. అరక్కోణం కట్టెల అడితి మనుషులు గునపాలతో వచ్చారు. గునపాల పని పడలేదు. కొయ్య చీలలు బయటికి కొట్టేసరికి దూలం బోదె మీంచి లేచింది, బోదె స్తంభం మీంచి లేచింది. ఒక్క ముక్క విరగలేదు. మూడు రోజుల్లో ఇల్లు వీధిలో వరసగా పేర్చి ఉంది. అతుకుల దగ్గర ఉలితో చెక్కిన గీతలు కనబడ్డాయి. ఒక గీత, రెండు గీతలు, గీతకు అడ్డగీత. దూలం కొస మీద ఏ గుర్తు ఉందో, దాని బోదె మీదా అదే. అడితి ఆయన "ఇవేంటి సార్" అంటే "ఏదో పిల్లలు చెక్కుంటారు" అన్నాం. టేపు పెట్టి కొలిచి, ఘనపుటడుగుల్లో లెక్కగట్టి, గుర్తులున్న కొసలు పాడైనట్టు లెక్కని వాళ్లు తరుగు తీస్తే ఒప్పుకుని, ఆరు వాటాలు చేశాం. మా వాటాతో ఒక రంగుల టీవీ, ఒక గ్రైండరు కొన్నాం. వంటింటి పక్క స్తంభంలో ఆచారి జోడించిన ముక్క మాత్రం ఎవరూ కొనలేదు. అతుకున్న కట్టెకి ధర లేదన్నారు. అది ఏమైందో మాకు గుర్తులేదు. ఎవరో పొయ్యిలోకి తీసుకుపోయి ఉంటారు.

ఆ గీతలేమిటో 21 ఏళ్ల తర్వాత ఇంగ్లండులో తెలిసింది. 2019 వేసవిలో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు తను మమ్మల్ని సఫోక్ జిల్లాలో లావెన్‌హామ్ అనే ఊరికి తీసుకెళ్లింది. ఊరు ఊరంతా కొయ్య చట్రం ఇళ్లు. ఓకు దుంగలు నిలువునా, అడ్డంగా, నడుమ సున్నం గోడలు. ఇళ్లు ఒకదాని మీద ఒకటి వాలి, కల్లు తాగిన బంధువుల్లా నిలబడ్డాయి. పచ్చి ఓకుతోనే కట్టేవాళ్లట, కట్టిన తర్వాత ఆరుతూ ఆరుతూ మెలి తిరుగుతుంది, ఇల్లూ దానితో వంగుతుంది, అతుకులు మాత్రం ఇంకా బిగుస్తాయి. అక్కడ గిల్డ్‌హాల్ అని ఒకటి, సుమారు 1530లో కట్టింది. మన ఇంటికన్నా దాదాపు 400 ఏళ్లు పెద్దది. ఒకప్పుడు ఉన్నిగుడ్డల వ్యాపారంతో బాగా బతికిన ఊరు. వ్యాపారం పోయాక, పాతది పడగొట్టి కొత్తది కట్టుకునే స్తోమత జనానికి లేకపోయింది. లేమి వల్ల ఇళ్లు మిగిలాయి.

దుంగల నడిమి గోడ పగిలిన చోట లోపల ఏముందో అద్దం వేసి చూపించారు. చూస్తే తడిక! సన్నటి బద్దలు అల్లి, మట్టి, గడ్డి, పేడ కలిపి మెత్తారు. మన పల్లెల్లో తడిక గోడకి ఏం చేస్తామో అదే. ఇంత దూరం టికెట్టు పెట్టుకుని వచ్చి పేడగోడ చూశామా అని మాలో ఒకరు నవ్వారు. అక్కడా ఇంటిని 'బే'ల్లో లెక్కపెట్టేవాళ్లట, అంటే మన అంకణాలే. తర్వాత అక్కడున్నామె ఒక దుంగ అతుకు దగ్గర వేలు పెట్టి చూపించింది. ఉలితో చెక్కిన గీతలు. వడ్రంగి తన దొడ్లో నేలమీద చట్రం పరిచి, అతుకులన్నీ సరిచూసుకుని, ఏది దేనిలోకి వెళ్లాలో అంకెలు చెక్కి, విప్పి, బండ్లకెత్తి, ఇంటి స్థలంలో మళ్లీ బిగించేవాడట. విప్పి మళ్లీ కట్టడానికే ఆ గుర్తులు.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అమ్మాయి "ఏంటమ్మా, అలా అయిపోయారు" అంది. కాళ్లు నొప్పులన్నాం.

విప్పిన ఇంటిని మళ్లీ కట్టొచ్చని మనవాళ్లకీ తెలుసు. చెన్నై దగ్గర ముట్టుకాడులో 1996లో తెరిచిన దక్షిణచిత్రలో చెట్టినాడు ఇంటిని అలాగే తెచ్చి నిలబెట్టారు. మేము ఇల్లు పడగొట్టిన దానికి రెండేళ్ల ముందు సంగతి, అది కూడా మా ఊరి నుంచి ఒక పూట ప్రయాణంలో. ఆరు వాటాలవాళ్లకి ఎవరికీ తట్టలేదు.

అంత దూరం ఎందుకు, మన కోటలోకి వెళ్లండి. గుంబద్ దర్వాజా దాటగానే రంగీన్ మహల్. తాళం వేసి ఉంటే పురావస్తు శాఖ వాళ్లను అడగండి. బహమనీల కాలంలో మొదలై, అలీ బరీద్ షా కాలంలో, అంటే 1542 నుంచి 1580 మధ్య, ఇప్పుడున్న రూపానికి వచ్చింది. వచ్చినవాళ్లంతా లోపలి గదిలో నల్లరాతిలో పొదిగిన ముత్యపు చిప్పలు చూసి, రంగు పలకలు చూసి ఫోటోలు తీసుకుని వెళ్లిపోతారు. మేమూ 30 ఏళ్లుగా వచ్చిన చుట్టాలందరికీ అవే చూపించాం. పోయిన వారం మొదటిసారి ముందు హాల్లోనే ఆగిపోయాం. అవి కొయ్య స్తంభాలు. సుమారు 450 ఏళ్ల నాటివి. ఒళ్లంతా చెక్కడం. తలమీద చూస్తే బోదె, మన సంఘం ఇంటి బోదెకి రాజుగారింట్లో పుట్టిన అన్న. ఆ పని చూస్తే మసీదు కన్నా మన గుళ్లోని మండపమే గుర్తొస్తుంది. చెక్కినవాళ్లు ఏ భాషలో పిలుచుకున్నారో, బోదె అనో బోదిగె అనో అనే ఉంటారని మా నమ్మకం.

అక్కడి నుంచి దీవాన్-ఇ-ఆమ్‌కి నడవండి, జాలీ మహల్ అని కూడా అంటారు. అదీ కొయ్య స్తంభాల సభే. ఇప్పుడు రాతి దిమ్మెలు మాత్రం నేలమీద వరసగా ఉన్నాయి, స్తంభాల్లేవు, కప్పు లేదు. ఒకే కోట, ఒకే వాన. కప్పు నిలిచిన చోట కట్టె నిలిచింది, కప్పు పోయిన చోట దిమ్మె మిగిలింది. మేము ఆ దిమ్మెల మీద చెయ్యి పెట్టి చూశాం. మన ఇంట్లో టైలు కింద పూడ్చిన దిమ్మె కూడా ఇలాంటిదే, చిన్నది.

సంఘానికి ఆదాయం కావాలి, పెళ్లిళ్లకి హాలు కావాలి, బండ్లు నిలిపే చోటు కావాలి అని కుర్రవాళ్లు అడుగుతున్నది తప్పు కాదు. పోయిన ఏడాది మనవాళ్ల పెళ్లికి బయట హాలుకి ఎంత కట్టారో మాకూ తెలుసు. ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది, విరిగిన కుర్చీలు, పాత బ్యానర్లు, ఎవరిదో తెలియని ఒక బీరువా తప్ప అందులో ఏమీ లేదు. ఆ జాగాలో హాలు వస్తుందేమో కొలవండి. పెద్ద హాలు రాదు, చిన్నది వస్తుంది. అది చాలదంటే అప్పుడు ఆ మాట చెప్పి చెయ్యెత్తండి. మేమేమీ అనం. కానీ "ఇల్లు పుచ్చిపోయింది" అని మాత్రం చెయ్యెత్తకండి, ఎందుకంటే పుచ్చింది ఒకటిన్నర అడుగు. రైలు పెట్టె చక్రం అరిగితే పెట్టెను జాకీల మీద లేపి చక్రాలు మారుస్తారు. పెట్టెను పాత ఇనుముకి అమ్మరు.

ఖర్చు మాటకొస్తే: ఒక స్తంభానికి మొదలు మార్పించడం, అన్ని స్తంభాల చుట్టూ సిమెంటు తవ్వి దిమ్మెలు బయటపెట్టడం, మిద్దె మట్టి దించి పల్చగా సున్నం వేయించడం, నీళ్ల గొట్టం మార్పించడం. కాంట్రాక్టరు ఎస్టిమేట్ పక్కన పెట్టి చూడటానికి దీనికీ ఒక లెక్క ఆదివారం సమావేశానికి తెస్తాం. సిమెంటు తవ్వే కూలి మట్టుకు మా వంతు. అది మా సంతకంతో పోసిన సిమెంటు.

శనివారం పొద్దున 9 గంటలకు హుమ్నాబాద్ వైపు నుంచి ఒక వడ్రంగి పెద్దాయన వస్తున్నాడు. 70 దాటిన మనిషి, బాడిస ఇంకా తనే నూరుకుంటాడు. స్తంభాలన్నీ తట్టి చూస్తానన్నాడు, మూడోది మార్చొచ్చో లేదో చెబుతానన్నాడు. మార్చలేమంటే ఆ మాట కూడా ఆదివారం మేమే లేచి చెబుతాం. ఆయనకి కన్నడ తప్ప రాదు, మన కన్నడ అంతంత మాత్రం, కాబట్టి బాగా మాట్లాడేవాళ్లు ఒకరు తప్పకుండా రండి. టార్చి ఉంటే తెచ్చుకోండి, ఆ మూల చీకటి. టీ మేము పెడతాం.